తెలుగు నేర్చి రంగూను చేరిన మిషనరీలు

రంగూను పెద్ద రైలుస్టేషను మింగళ తౌంగ్‌న్యున్ పేటలోనిది. ఆ నగరం పేరు చెప్పగానే మనవారికి రేవు, ధాన్యపు మిల్లు, మేస్త్రీ గుర్తుకు వస్తారు. మేము చెప్పదలచినది ఆ కూలీల వెంట వెళ్లిన ఒక దంపతుల సంగతి.

కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన హన్నా మరియా నారిస్‌ను విదేశానికి పంపుటకు ఆమె సంఘం వద్ద సొమ్ము లేదు. ఆమె ఊరకుండలేదు. 1870లో ఊరూరా తిరిగి స్త్రీల సహాయ సంఘాలు నెలకొల్పి, ఆ ఏడే బర్మాకు బయలుదేరింది. అక్కడ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వివాహమాడింది. సయాములో కరెన్ జనుల కొరకు వెదకిన వారి బృందం, అక్కడ పనికి వీలు లేదని తేల్చుకొని, 1875లో కాకినాడ చేరింది. దంపతులు శ్రీకాకుళంలో పనిచేసినారు, తెలుగు పట్టుబడింది.

1880ల్లో తిరిగి బర్మా వెళ్లి తెలుగు, తమిళ కూలీల మధ్య పనిచేసినారు. విచిత్రమేమంటే, బర్మాలో వారికి అక్కరకు వచ్చినది శ్రీకాకుళపు తెలుగు! బర్మావారు మనవారిని కోరంగీలనేవారు. అది అప్పటి గోదావరి జిల్లాలోని రేవు పేరు. చెరకుతోటలకు వెళ్లిన మన తాతల అయిదేండ్ల ఒప్పందం అక్కడ లేదు. మేస్త్రీ ఇచ్చిన బయానా, అది తీరేదాకా చాకిరీ. ఏది మేలో చెప్పడం కష్టమే. మతం మాట ఎట్లున్నా, ఆ బతుకులో తెలుగు అక్షరానికి ప్రార్థన మందిరం ఒక ఆసరా అయింది.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడగా వేలాదిమంది కాలినడకన స్వదేశం పట్టినారు. 1964 తరువాత మరెందరో వెళ్లినారు. 1966లో విదేశీ మిషనరీలు దేశం విడువవలసి వచ్చింది. అటుపై తెలుగు ప్రార్థన నడుపుకొన్నది అక్కడ మిగిలిన తెలుగువారే.