ఉసిరిచెట్టు క్రింద ఒక దినము

ప్రత్తిచేలలో తొలికాయలు పగిలి నల్లరేగడి నేలమీద తెల్లదనము ప్రాకుచుండగా, ప్రక్కనే మిరపతోట పూతయు పిందెయు తొడిగి, కోతకింకను గడువుండుటచే రైతును తొందరపెట్టక నిలిచియుండగా, గుంటూరు, ప్రకాశము మైదానములకు కార్తికమాసము వచ్చును. పనులన్నియు ఆగిపోవునని కాదు. పత్తితీతకు మనుషులు కావలయును, తెగుళ్లకు మందు కొట్టవలయును. అయినను వనభోజనమునకై ఒక దినమును మిత్రులకొఱకు విడదీసికొనుటకు వీలున్న మాసమిదియే. సంక్రాంతి దాటెనా, మిరపకోతలు, కల్లములలో ఆరబెట్టుట, తాలుకాయలు ఏరుట, టిక్కీలకు (బస్తాలకు) ఎత్తి గుంటూరు మిర్చియార్డునకు తరలించుట—ఈ వరుసలో వేసవి వఱకు ఎవరికిని తీరిక చిక్కదు. మే నెలలో యార్డునకే సెలవులిత్తురు గాని, నాటి యెండలో చెట్టుక్రింద పొయ్యి వెలిగించుట ఎవరి తరము?

ఉసిరి విష్ణుప్రియమనియు, కార్తికమున దాని నీడలో భుజించుట పుణ్యప్రదమనియు పెద్దలు చెప్పిన విధి ఈ సీమ వ్యవసాయక్రమములో చక్కగా ఒదిగిపోయినది. జపానువారు వసంతమున చెర్రీపూలు విచ్చినపుడు ఆ చెట్లక్రింద మిత్రులతో కూర్చుండి భుజింతురు. మనవారికి కాయకాచిన చెట్టే విందునకు పందిరి.

పోదలచినవారికి చోట్లకు కొఱత లేదు. బాపట్ల చెంత సూర్యలంక, చీరాల యొద్ద వాడరేవు సముద్రస్నానమునకు పిలుచును. నరసరావుపేట సమీపమునగల కోటప్పకొండ, త్రికూటాద్రియని పేరొందిన ఆ మూడు శిఖరముల కొండ, మహాశివరాత్రినాడు ఎత్తైన ప్రభలతోను జనసమ్మర్దముతోను హోరెత్తును. కార్తిక సోమవారములు విడిచి మఱియొకనాడు పోయినచో అచ్చటనే నిదానముగా మాటలాడుకొనుచు మెట్లెక్కవచ్చును. కొండవీటికి పోయినవారు అచ్చటి రెడ్డిరాజులలో కుమారగిరిరెడ్డిని తలపకుండలేరు. 14వ శతాబ్ది చివర రాజ్యమేలిన ఆ ప్రభువు వసంతోత్సవములలో కర్పూరము వెదచల్లించి కర్పూర వసంతరాయలని బిరుదొందెను. ఆ ఉత్సవములకు కావలసిన సుగంధద్రవ్యములను అవచి తిప్పయసెట్టి అను వర్తకుడు ద్వీపాంతరములనుండి తెప్పించెడివాడు. శ్రీనాథుని హరవిలాసము ఆ తిప్పయసెట్టికే అంకితమైనది.

మన మిత్రుల విందునకు అట్టి ద్వీపాంతరపు సరకులతో పనిలేదు. ఒకరింటనుండి బియ్యము, ఒకరి పెరటినుండి గోంగూర, ఒకరి చేనినుండి అప్పుడే కోసిన పచ్చిమిరపకాయలు, నిరుడు పీకి గట్టున పేర్చిన పత్తికట్టె ఒక మోపు—ఇంతే సంభారము. మూడు రాళ్లు పేర్చి పొయ్యి రాజేయుటలోనే ఆ దినమునందలి మొదటి వినోదము గలదు. ఇంట కాఫీగ్లాసైనను తీయనివాడు ఇచ్చట కన్నీళ్లు కార్చుచు పొగనూదును, ‘బావా, నీవల్ల కాదు గాని లెమ్ము’ అని మఱియొకడు వానిని ప్రక్కకు జరపును. పులిహోరకు పోపు వేగుచుండగా, కొత్త ఉసిరికాయలు రోటబడి నలుగుచుండగా, పప్పుడుకుటకు పట్టు సమయమును ఎవరును లెక్కింపనందువలన, పదేండ్లుగా సగములో నిలిచిపోయిన సంభాషణ యేదో తనంతతాను మొదలగును. ఆలస్యమైన అన్నమును ఆకలిగొన్న స్నేహితులతో ఒకే వరుసలో విస్తళ్లముందు కూర్చుండి తినుటలోని రుచిని హోటలు భోజనమునందు నేనెన్నడును ఎఱుగను. భోజనానంతరము చాపమీద మేను వాల్చిన వారిలో ఒక్కరైనను తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములలోని పద్యమొకటి ఎత్తుకొందురు. రాగము తప్పినను ఈ ప్రాంతమున ఆ పద్యమును మధ్యలో ఆపనిచ్చువారు లేరు.

ఇంతటి సులభమైన ఆనందమును మనమే పాడుచేసికొనుచుండుట నా మనస్సును కలచివేయుచున్నది. వంటవారిని కుదిర్చి, మైకులు కట్టి, సన్మానములతోను ఉపన్యాసములతోను ప్రొద్దు గడుపుట ఒక కీడు. అంతకంటె పెద్దకీడు, నేడు పట్టణములలో పెక్కుచోట్ల వనభోజనములు కులసంఘముల సమావేశములుగా మాఱుట. బడిలో ఒకే బల్లమీద కూర్చుండి చదివినవారు కార్తికమున ఒకే ఆదివారము వేర్వేరు తోటలకు వేర్వేరు బస్సులలో పోవుచున్నారు. ఏ చెట్టును తన నీడకు వచ్చినవాని కులమడుగలేదు, అడుగుచున్నది మనము.

ఈ కార్తికమున మీరు పిలువదలచినవారి పేర్లు వ్రాసికొనునపుడు చిన్ననాటి మిత్రులలో ఎవరిని విడిచితిరో మఱల చూచుకొనుడు. మీ చేలలో పత్తితీయు స్త్రీలకును ఆనాడు కూలి యిచ్చియే సెలవిండు, వీలైన వారిని కుటుంబములతోకూడ ఆ పంక్తికి పిలువుడు. వచ్చునపుడు విస్తళ్లను, నీళ్లసీసాలను ఏరి, పొయ్యి ఆర్పి రండు.