గాలపు రీలుకు ఇనుప ధూళి బెడద: ఇంట్లోనే శుభ్రపరచి సరిచేసుకునే విధానం

బీర్‌గావ్ (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్‌లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదుల్లోనూ, వాటితో సంబంధమున్న జలాశయాల్లోనూ చేపల వేటపై నిషేధం అమల్లో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఖారూన్ ఒడ్డునా, గంగ్రేల్ జలాశయం వద్దా సరదాకు గాలం వేసేవారికి ఈ రెండు నెలలూ విరామమే. మూలన పెట్టిన రీలును విప్పి శుభ్రపరచుకోవడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు.

బీర్‌గావ్ వంటి చోట ఈ పనిని వాయిదా వేయడానికీ వీల్లేదు. ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లోని స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలకు పొరుగున ఉన్న ఈ పట్టణంలో మేడలపైనా, ఆరేసిన బట్టలపైనా నల్లటి ధూళి పేరుకుంటుందన్నది స్థానికుల పాత ఫిర్యాదు. అలాంటి ధూళిలో ఇనుప రేణువులు ఉంటాయి. అనేక బెయిట్‌కాస్టింగ్ రీళ్లలో బ్రేకు పని చేసేది అయస్కాంతాలతో. ఇనుమూ అయస్కాంతమూ ఒకచోట చేరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కండె ఎందుకు అదుపు తప్పుతుంది?

సాధారణ స్పిన్నింగ్ రీలులో ఎర విసిరినప్పుడు కండె కదలదు, తంగూసు దాని అంచు మీదుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టింగ్ రీలులో కండే తిరుగుతూ తంగూసును వదులుతుంది. గురి కుదరడానికీ, నాచు మధ్య దాగిన కొర్రమీను వంటి బలమైన చేపను లాగడానికీ ఇది మేలైన అమరిక. చిక్కు కూడా ఇందులోనే ఉంది. గాలిలో ఎర వేగం తగ్గినా కండె అదే ఊపుతో తిరుగుతూ ఉంటే, బయటికి పోవాల్సిన తంగూసు రీలులోనే ఉబ్బి పిచ్చుకగూడులా అల్లుకుంటుంది. వేటగాళ్లు బ్యాక్‌లాష్ అని పిలిచేది దీన్నే.

దాన్ని ఆపేవి మూడు. మొదటిది విసిరేవారి బొటనవేలు. రెండోది పిడి పక్కనుండే బిగింపు మర, ఇది కండె ఇరుసును రెండు చివరలా స్వల్పంగా నొక్కి ఉంచుతుంది. మూడోది బ్రేకు. అపకేంద్ర బ్రేకులో చిన్న ప్లాస్టిక్ ముక్కలు వేగానికి బయటికి జరిగి ఒక వలయాన్ని రాస్తాయి. అయస్కాంత బ్రేకులో రాపిడే ఉండదు. అయస్కాంత క్షేత్రంలో తిరిగే అల్యూమినియం కండెలో విద్యుత్ ప్రవాహాలు పుట్టి, ఆ కదలికనే వ్యతిరేకిస్తాయి. వేగం పెరిగితే నిరోధమూ పెరుగుతుంది. అయస్కాంతాలపై ఇనుప ధూళి గుట్టకట్టి కండెను తాకితే, రాపిడి లేకుండా పనిచేయాల్సిన చోట గరగర మొదలవుతుంది.

నూనె ఒక్కటే వేస్తే చేటు

రీలు బిగుసుకుందనగానే చాలామంది చేసే పని పైనుంచి రెండు చుక్కల నూనె వేయడం. ధూళి నిండిన రీలుకు ఇది మందు కాదు. నూనె, ఇనుప రేణువులు కలిసి సానపట్టే ముద్దగా మారి బేరింగులను అరగదీస్తాయి. ముందు మురికి పోవాలి, ఆ తర్వాతే నూనె.

పనికి తెల్లటి గుడ్డ, సన్నని స్క్రూడ్రైవర్లు, పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పలుచని మిషన్ నూనె, కొద్దిగా గ్రీజు చాలు. గడియారాలు బాగుచేసేవారి బల్ల మీద కనిపించే సామగ్రికి ఇది దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని కెంటకీలో ఈ రకం రీళ్లకు ఆద్యుడైన జార్జ్ స్నైడర్ వృత్తిరీత్యా గడియారాల పనివాడు.

ఒక్కో భాగం తీసేటప్పుడు ఫోనులో ఫొటో తీసుకోవాలి. తీసిన వరుసలోనే గుడ్డపై పేర్చుకోవాలి. పిడి వైపు పలక విప్పేటప్పుడు లోపలి చిన్న స్ప్రింగులు ఎగిరిపోతాయి కనుక, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పడం ఉత్తమం. కొన్ని ఎడమచేతి రీళ్లలో పిడి నట్టు వ్యతిరేక దిశలో తిరుగుతుందని గుర్తుంచుకోకపోతే మర చెడిపోతుంది.

అయస్కాంతాలపై ధూళిని గుడ్డతో తుడిస్తే అక్కడే పులుముకుంటుంది. అంటుకునే టేపును అద్ది ఎత్తితే సులువుగా వస్తుంది. బేరింగులను ఆల్కహాల్‌లో నానబెట్టి, కదిలించి, పూర్తిగా ఆరనివ్వాలి. పెట్రోలు వాడకూడదు, మూసిన గదిలో దాని ఆవిరి అగ్నిప్రమాదానికి దారి తీస్తుంది. ఆరిన బేరింగును పెన్సిల్ మొనకు తగిలించి తిప్పితే నునుపుగా తిరగాలి. అప్పటికీ గరుకుగా ఆగుతుంటే అది అరిగిందని అర్థం, మార్చాల్సిందే. బాగుంటే ఒక్కొక్కదానికి ఒకే చుక్క నూనె చాలు.

కొబ్బరి నూనె జోలికి పోరాదు. సుమారు 24 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో అది గడ్డకడుతుంది, రాయ్‌పూర్ శీతకాలపు ఉదయాల్లో రీలు మొరాయిస్తుంది. ఇతర వంట నూనెలు కాలక్రమంలో జిగురుగా మారతాయి.

పళ్ల చక్రాలకు పలుచని పూతగా గ్రీజు, తంగూసును అటూ ఇటూ నడిపే మరకు బ్రష్‌తో శుభ్రం చేశాక పలుచని నూనె వేయాలి. పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగుకు మాత్రం గ్రీజు తగలనివ్వకూడదు. తగిలితే చేప లాగినప్పుడు పిడి జారి వెనక్కి తిరుగుతుంది. అపకేంద్ర బ్రేకు రాసుకునే వలయాన్ని తుడిచి పొడిగా వదిలేయాలి. డ్రాగ్ పొరలకూ నూనె నిషిద్ధం. కార్బన్ పొరలకైతే వాటి కోసమే తయారైన గ్రీజును అతి పలుచగా రాయవచ్చు.

మళ్లీ బిగించాక సరిచూసుకోవాల్సినవి

తంగూసును కండె అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దిగువ వరకే చుట్టాలి. అల్లిక తంగూసు నున్నని కండెపై జారిపోతుంది కాబట్టి, అడుగున కొన్ని చుట్లు నైలాన్ తంగూసు అవసరం.

ఆపై ఎరను కట్టి, కర్రను ఏటవాలుగా ఎత్తి, బొటనవేలు మీటను నొక్కాలి. ఎర నిదానంగా దిగి నేలను తాకగానే కండె ఆగేలా బిగింపు మరను సవరించాలి. బ్రేకును మొదట గరిష్ఠ స్థాయిలో ఉంచి, నాలుగైదు విసుర్ల తర్వాత ఒక్కో అంకె తగ్గించుకుంటూ రావాలి. ఎర బరువు మారిన ప్రతిసారీ ఈ సర్దుబాటు తిరిగి చేయాల్సిందే. చాలామంది రీలును నిందించేది ఈ ఒక్క మెట్టు దాటవేసినందుకే.

డ్రాగ్‌ను తంగూసు సామర్థ్యంలో నాలుగో వంతు నుంచి మూడో వంతుకు మించకుండా అమర్చుకోవాలి. 6 కిలోల తంగూసైతే స్ప్రింగ్ తక్కెడను తగిలించి లాగినప్పుడు ఒకటిన్నర, రెండు కిలోల మధ్య జారాలి. అంతకు మించి బిగిస్తే పెద్ద వాలుగ ఒక్క ఉదుటున తెంచుకుపోతుంది, నోట్లో గాలంతో సహా.

విప్పలేని చిక్కుపడి కోసేసిన తంగూసును చెరువు గట్టున పారేయకూడదు. నైలాన్ ఏళ్ల తరబడి మట్టిలో కలవదు, కొంగల కాళ్లకు చుట్టుకుని ప్రాణాలు తీస్తుంది. చిన్న ముక్కలుగా కత్తిరించి ఇంటి చెత్తడబ్బాలో వేయాలి.

నిషేధకాలం ముగిసేదాకా రీలును దాచేటప్పుడు డ్రాగ్ మరను పూర్తిగా వదులు చేయాలి, లేదంటే పొరలు నొక్కుకుపోయి పట్టు తప్పుతాయి. పొడి గుడ్డలో చుట్టి మూతడబ్బాలో పెడితే వానాకాలపు తేమా, బీర్‌గావ్ నల్లధూళీ రెండూ దరిచేరవు.