పెద్దవాళ్ల పన్ను ఊగితే

పన్ను దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన నారపోగుల పొర ఒకటి ఉంటుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని ఓర్చుకునేది అదే. అందుకే ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కంటికి కనిపించనంత కదులుతుంది. నాలుకకు తెలిసేలా ఊగుతోందంటే ఆ పొరో, ఎముకో దెబ్బతిన్నట్టే.

పెద్దవాళ్లలో దీనికి ముఖ్య కారణం వయసు కాదు, చిగుళ్ల జబ్బు. పళ్ల మొదళ్లలో పాచి నిలిచి గట్టిపడితే గార అవుతుంది. దాన్ని పట్టుకుని పెరిగే బాక్టీరియా వల్ల చిగురు వాచి, పంటి నుంచి విడిపోతుంది, లోపల ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. ఏళ్ల తరబడి సాగే ఈ నష్టం చాలామందిలో నొప్పి పెట్టదు. తోముకునేటప్పుడు కనిపించే రక్తమే తొలి హెచ్చరిక. పొగతాగేవారిలో ఆ రక్తం కూడా తక్కువగా రావడంతో జబ్బు మరింత ముదిరాకే బయటపడుతుంది. షుగరు అదుపులో లేకపోతే ఎముక ఇంకా త్వరగా పోతుంది.

గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. ఈ భయమే ఎన్నో పళ్లను పోగొడుతోంది. ఎముక కరిగిన చోట పళ్లను బిగించి ఉంచినట్టు అనిపించేది ఆ గారే. దాన్ని తీశాక అప్పటికే ఉన్న వదులు తెలుస్తుంది, అంతే. శుభ్రం చేసిన చిగుళ్ల వాపు తగ్గాక చాలా పళ్లు కొంత బిగుసుకుంటాయి కూడా.

దెబ్బ తగలడం, నిద్రలో పళ్లు కొరకడం, వేరు కొసన చీము పట్టడం మిగతా కారణాలు. గర్భిణుల్లో హార్మోన్ల మార్పు వల్ల వచ్చే వదులు సాధారణంగా కాన్పు తర్వాత తగ్గుతుంది.

డెంటిస్టును కలిసేదాకా ఆ పంటిని వేలితో, నాలుకతో కదపకూడదు. మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ వంటివి రెండో వైపు నమలాలి. జంతికలు, చెరుకు ముక్కలు మానాలి. తోమడం మాత్రం ఆపకూడదు, మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా తోమాలి. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే చిగురుకు ఉపశమనం. నొప్పి మాత్రను చిగురు మీద పెడితే అక్కడ కాలి పుండవుతుంది. దారంతోనో జిగురుతోనో పంటిని ఇంట్లో బిగించడం ప్రమాదం. పక్క పళ్లకు కలిపి కట్టే పని డెంటిస్టుదే.

దెబ్బకు వదులైన పంటిని అదే రోజు చూపించాలి. దవడ వాపు, జ్వరం, మింగడంలో ఇబ్బంది ఉంటే రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.