ముందు చిన్న ముల్లు చాలు

నాలుగేళ్ల పిల్ల "నిన్న అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లాం" అంటే, ఆ నిన్న పోయిన సంక్రాంతి కావచ్చు. జరిగిపోయిందంతా నిన్న, జరగబోయేదంతా రేపు. నవ్వొస్తుంది కానీ, ముందూ వెనకా అనే తేడా ఆ పిల్లకు అప్పటికే పట్టుబడింది. ఎంత ముందు, ఎంత వెనక అన్నదే ఇంకా రావాలి.

పిల్లలకు కాలం ఎలా అర్థమవుతుందో చూడమని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజేకి 1928లో దావోస్‌లో సూచించింది సాక్షాత్తు ఐన్‌స్టీన్. పియాజే రెండు బొమ్మల్ని బల్ల మీద ఒకేసారి కదిలించి, ఒకేసారి ఆపాడు. ఒకటి వేగంగా వెళ్లింది కాబట్టి ఎక్కువ దూరం పోయింది. ఏది ఎక్కువసేపు నడిచిందని అడిగితే చిన్నపిల్లలు దూరం పోయినదాన్నే చూపించారు. కదలిక లేని ప్రయోగాల్లో ఆ వయసువాళ్లే మెరుగ్గా జవాబిస్తారని తర్వాతి పరిశోధకులు చూపారు. తికమకంతా దూరం, వేగం వచ్చి కాలంతో కలిసిపోవడం వల్లే.

మాటల సంగతీ ఇంతే. సెకను కన్నా నిమిషం, నిమిషం కన్నా గంట పెద్దవని బడికి వెళ్లే వయసు రాకముందే చాలామందికి తెలిసిపోతుందనీ, ఏది ఎంతసేపన్నది మాత్రం తెలియదనీ కాథరిన్ టిల్‌మన్, డేవిడ్ బార్నర్ 2015లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. తెలిసేదెలా? "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్న పెద్దమనిషి ఫోన్ పెట్టేసేసరికి పావుగంట!

ఇలాంటి పిల్లల ముందు రెండు ముళ్ల గడియారం పెడితే చిక్కులు మొదలవుతాయి. పొడుగు ముల్లు చూపేది చిన్న కొలత, పొట్టి ముల్లు చూపేది పెద్ద కొలత. 3 అనే అంకె ఒక ముల్లుకి మూడు గంటలు, రెండోదానికి పదిహేను నిమిషాలు. ఇరవై దాకా లెక్కపెట్టడమే గొప్పయిన వయసులో అరవై ఎక్కడ?

అందుకే నిమిషాల ముల్లు తీసేయడం మంచిది. చరిత్రలోనూ అది ఆలస్యంగానే వచ్చింది. యూరప్ తొలి యంత్ర గడియారాల్లో చాలావాటికి గంటల ముల్లు ఒక్కటే. రోజుకు పావుగంట దాకా తప్పు చూపే యంత్రానికి నిమిషాల ముల్లు దండగ. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారం కనిపెట్టాక ఆ తప్పు సెకన్లలోకి దిగింది, రెండో ముల్లుకు పని దొరికింది. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చి గోపురం మీది గడియారానికి ఇప్పటికీ ఒకటే ముల్లు.

చిన్న ముల్లు ఒక్కటే ఉంటే నాలుగేళ్ల పిల్ల కూడా చదవగలదు. "మూడు దాటింది, నాలుగు కాలేదు." సరిగ్గా మధ్యలో ఉంటే మూడున్నర. నాలుగుకి దగ్గరపడితే అన్నయ్య బడి నుంచి వచ్చే వేళయింది. అంకె కన్నా ఆ రాకే ముఖ్యం. అన్నం, నిద్ర, ఆట వేళల్ని ఇలా ముల్లుకి ముడిపెడితే గడియారం ఇంటి మనిషవుతుంది.

బజార్లో దొరికే అట్ట గడియారాల్లో పెద్ద లోపం ఒకటుంది. రెండు ముళ్లూ వేటికవే తిరుగుతాయి. ఏడున్నర పెట్టమంటే పిల్లలు పెద్ద ముల్లుని 6 మీదికి తెచ్చి, చిన్నదాన్ని 7 మీదే ఉంచేస్తారు. నిజం గడియారంలో అది 7కీ 8కీ నడిమధ్యన ఉండాలి. ఆ అట్టబొమ్మ కన్నా ఇంట్లో మూలనపడ్డ పాత అలారం గడియారం నయం. వెనక మర తిప్పనివ్వాలి. పెద్ద ముల్లు చుట్టంతా పరుగెత్తి వస్తే, చిన్నది ఒక్క అంకె జరుగుతుంది. పిల్లలు దీన్ని విసుగు లేకుండా తిప్పుతూనే ఉంటారు. గంటకీ నిమిషానికీ ఉన్న సంబంధం వేళ్లకి అలా తెలుస్తుంది.

నిమిషం ఎంతసేపో తెలియాలంటే ఇసుక గడియారం పనికొస్తుంది. ఇసుక జారేలోగా బొమ్మలన్నీ బుట్టలో వేయగలవా అని పందెం కడితే చాలు. నిమిషాల ముల్లు చదవడం ఐదో ఎక్కం వచ్చేదాకా ఆగొచ్చు. ఐదు, పది, పదిహేను అని వరసగా చెప్పగలిగిన పిల్ల వేలితో అంకెలు దాటుతూ తనే లెక్క కట్టేస్తుంది.