బడికే బదిలీ వచ్చినప్పుడు



విద్యా సంవత్సరం ముగిసే వేళకు మన బడిలో టీసీల హడావుడి మొదలవుతుంది. ఉద్యోగరీత్యా ఎన్నో ఊళ్లు తిరిగిన నాకూ అది అలవాటే. పోయిన ఏడాది ఆరో తరగతి అమ్మాయి ఒకతె టీసీ చేతిలో పట్టుకుని, "టీచర్, నీ బడి ఏదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" అని అడిగింది. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు అన్నా ఎస్సింగర్ కథ చెప్పాలనిపిస్తోంది.

ఆమె 1879లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అమెరికాలో చదువుకుని, 1919లో స్వదేశానికి తిరిగి వచ్చారు. 1926లో ఉల్మ్ దగ్గరి హెర్లింగెన్‌లో అక్కచెల్లెళ్లతో కలిసి ఒక వసతి పాఠశాల స్థాపించారు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. అతని పుట్టినరోజున ప్రతి బడి మీదా నాజీ జెండా ఎగరాలని ఆజ్ఞ వచ్చింది. అన్నా ఆ రోజు పిల్లలందరినీ విహారయాత్రకు తీసుకువెళ్లారు. జెండా ఎగిరింది గానీ, బడిలో ఒక్కరూ లేరు!

ఇక అక్కడ పిల్లలకు భవిష్యత్తు లేదని ఆమె గ్రహించారు. తల్లిదండ్రుల అనుమతితో, అదే ఏడాది 60 మందికి పైగా పిల్లలను ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతానికి చేర్చారు. బన్స్ కోర్ట్ అనే పాత భవనంలో బడి మళ్లీ మొదలైంది. డబ్బు చాలదు. అందుకే ఉపాధ్యాయులు, పిల్లలు కలిసి కూరగాయలు పండించారు, గదులు ఊడ్చారు, బాగుచేతలు చేసుకున్నారు. పిల్లలు ఆమెను 'అన్నా పిన్ని' అన్నట్టుగా 'టాంటె అన్నా' అని పిలిచేవారు.

యుద్ధం వచ్చాక కష్టాలు పెరిగాయి. జర్మనీ నుంచి వచ్చారన్న కారణంతో కొందరు ఉపాధ్యాయులను, పెద్ద విద్యార్థులను బ్రిటిష్ ప్రభుత్వమే నిర్బంధించింది. 1940లో ఆ భవనాన్ని సైన్యం కోసం కొద్ది రోజుల్లోనే ఖాళీ చేయాల్సి వచ్చింది. బడి ష్రాప్‌షైర్‌కు తరలింది. యుద్ధం ముగిశాక మళ్లీ కెంట్‌కు వచ్చి, 1948లో మూతపడింది. అప్పటికి ఆమెకు చూపు బాగా మందగించింది. 1960లో కన్నుమూశారు.

ప్రసిద్ధ చిత్రకారుడు ఫ్రాంక్ ఔయర్‌బాక్ ఏడేళ్ల వయసులో, 1939లో ఈ బడిలో చేరాడు. జర్మనీలో ఉండిపోయిన అతని తల్లిదండ్రులను నాజీలు ఆష్‌విట్జ్‌లో చంపేశారు. అలాంటి పిల్లలు అక్కడ ఎందరో. వాళ్లకు బడే ఇల్లయింది.

మన బదిలీలను ఆ కష్టంతో పోల్చలేం. మనం అమ్మానాన్నలతో కలిసే వెళ్తాం, సెలవులకు సొంతూరికీ పోతాం. అయినా కొత్త తరగతి గుమ్మం దగ్గర నిలబడినప్పటి గుండెదడ మీకు తెలుసు. భవనం మారినా బడి మారలేదని అన్నా నిరూపించారు. ఎందుకంటే బడి గోడల్లో లేదు, ఒకరినొకరు చూసుకోవడంలో ఉంది.

ఆ అమ్మాయికి నా జవాబు ఇదే: నీకు చోటిచ్చినదల్లా నీ బడే. మిగతావారికి ఒక మాట: ఈ జూన్‌లో ఎవరైనా కొత్తగా వచ్చి, ఒంటరిగా టిఫిన్ డబ్బా తెరుస్తుంటే, మీ బెంచీ మీద కాస్త జరిగి కూర్చోండి.