దోర్నకల్ బిషప్ అజరయ్య

నర్సింహులపేటకు దోర్నకల్ దూరమేమీ కాదు. రెండూ పూర్వం వరంగల్ జిల్లాలోనివి, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలోనివి. దోర్నకల్ జంక్షన్‌లో రైలు మారినవారు మనలో చాలామందే ఉంటారు. కాని ఆ ఊరి పేరు ఒకప్పుడు ఇంగ్లండు చర్చి పెద్దల నోళ్ళలో నానిందని ఎందరికి తెలుసు? అందుకు కారకులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన తమిళులు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ ఊరి గురువు. వారిది నాడార్ కులం. మన గౌడన్నల్లాగే తాటిచెట్టును నమ్ముకున్న కులమన్నమాట. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులతో ఒక స్వదేశీ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. డబ్బూ మనవాళ్ళదే, మనుషులూ మనవాళ్ళే! ఆ సంఘం ఎంచుకున్న చోటే నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చోవడం నచ్చక, 1909లో ఉద్యోగం వదులుకుని ఇక్కడికే వచ్చేశారు. తెలుగు నేర్చుకున్నారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడిన తీరు చాలామంది దొరలకు మింగుడుపడలేదు. మీరు త్యాగాలు చేశారు, అన్నం పెట్టారు, అందుకు కృతజ్ఞులం. కాని మాకు కావలసింది స్నేహితులు అని ఆయన ముఖంమీదే అడిగారు. ఆ రోజుల్లో మిషనరీ బంగళాలో భారతీయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసే దొరలు అరుదు మరి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. నల్లవాడి కింద పనిచేయడమా అని కొందరు గొణిగారు. మొదట చిన్న మేత్రాసనం ఇవ్వడం వెనుక ఈ గొణుగుడు లేకపోలేదు. తరువాత కృష్ణా, గోదావరి తీరాల దాకా అది విస్తరించింది. ఎక్కువగా మాల, మాదిగ పల్లెలవారే తండోపతండాలుగా సంఘంలో చేరారు.

ఇంతమందికి పల్లె ఉపదేశకులు ఎక్కడినుండి రావాలి? అందుకే దోర్నకల్‌లో వేదపాఠశాల నడిపారు, స్వయంగా పాఠాలు చెప్పారు. భర్తతోపాటు భార్యకూ అక్కడ చదువు ఉండేది. ఆ పనిలో ఆయన సతీమణి అన్బు అమ్మగారి పాలు ఎక్కువ. ఇంటి ఇల్లాలు చదవకుండా పల్లె మారదని ఆ దంపతులు గ్రహించారు. నా మటుకు ఇదే ఆయన చేసిన పనుల్లోకెల్లా పెద్దది.

అక్కడి ఎపిఫనీ కెథీడ్రల్ చూడదగింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని తలపిస్తాయి. లండన్ చర్చిని దింపి ఇక్కడ పెట్టలేదు.

గాంధీజీతో ఆయనకు మతమార్పిడి విషయంలో పేచీ వచ్చింది. కాని క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నది కూడా ఆయనే. ఈ రెండోది చెప్పకుండా మొదటిదే చెప్పేవారు ఎక్కువ.

సంఘాలన్నీ ఒక్కటి కావాలని ఆయన ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.