విలీనంలో పైలట్లు దేనికోసం కొట్లాడతారు?

2024 ఏప్రిల్ మొదట్లో విస్తారా విమానాలు వరసపెట్టి రద్దయ్యాయి. పైలట్లు చాలామంది ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టేశారు. ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కుపోయిన జనం నోట ఒకటే మాట: లక్షల్లో జీతాలు తీసుకుంటూ ఇంకా ఆశేనా? రెండు విమానయాన సంస్థలు కలిసినప్పుడల్లా ఈ మాట వినపడుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

విస్తారా సంగతే చూడండి. అప్పటికి ఎయిరిండియాలో కలవబోతున్నారు గనక అక్కడి జీతాల పద్ధతికి రమ్మన్నారు. అంతవరకూ ఎగిరినా ఎగరకపోయినా నెలకు 70 గంటల జీతం ఖాయం. కొత్త పద్ధతిలో ఖాయమన్నది 40 గంటలకే. ఆపైన ఎగిరితేనే డబ్బు. ఎన్ని గంటలు ఎగరాలో తేల్చేది కంపెనీ, పైలట్ కాదు. శిక్షణ కోసం చేసిన అప్పు వాయిదా మాత్రం ఏ నెలా తగ్గదు.

జీతం గొడవ ఇంతే. దీనికంటే లోతైన గొడవ సీనియారిటీ నంబరుది. అది ఎంత దూరం పోతుందో తెలియాలంటే అమెరికా వెళ్లాలి. అక్కడి పెద్ద సంస్థల్లో చేరిన రోజే పైలట్‌కు జాబితాలో ఒక స్థానం దక్కుతుంది. పెద్ద విమానమా చిన్నదా, కెప్టెన్ సీటా కో-పైలట్ సీటా, ఏ ఊళ్లో డ్యూటీ, పండక్కి ఇంట్లో ఉంటాడా లేదా, లేఆఫ్ వస్తే ముందు ఎవరు ఇంటికి పోతారు, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. వేరే కంపెనీకి మారితే జాబితాలో ఆఖరి స్థానం. యాభై ఏళ్ల కెప్టెన్ అయినా కొత్త కో-పైలట్‌గా మొదలుపెట్టాల్సిందే. అందుకే వాళ్లు నచ్చకపోతే మానేసి పోలేరు.

కంపెనీలు కలిసినప్పుడు రెండు జాబితాలూ ఒక్కటి కావాలి. తిరుమలలో రెండు క్యూలైన్లను ఒకటి చేస్తున్నారనుకోండి. మొదటి లైన్లో వాళ్లు తెల్లవారుజాము నుంచి నిలబడ్డారు, కానీ లైను కదలడం లేదు. రెండోదాంట్లో వాళ్లు ఇందాకే వచ్చారు, కానీ గేటు కనపడేంత దగ్గర్లో ఉన్నారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో చూసి కలపాలా, గేటుకు ఎంత దగ్గర్లో ఉన్నారో చూసి కలపాలా? మొదటి లైన్లో కొందరిని 'పిలుస్తాం, బయట కూర్చోండి' అని పంపేశారు కూడా. వాళ్లదేం లెక్క? రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది. చిక్కంతా అక్కడే.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిసినప్పుడు జరిగింది అచ్చంగా ఇదే. యూఎస్ ఎయిర్‌వేస్ అప్పటికే రెండుసార్లు దివాలాకెక్కింది. పాత ఉద్యోగులున్నా పైకి పోయే దారి లేదు, వందల మంది లేఆఫ్‌లో ఉన్నారు. వీళ్లు 'ఈస్ట్'. అరిజోనాకు చెందిన అమెరికా వెస్ట్ పైలట్లు 'వెస్ట్'. వాళ్లు తక్కువమంది, సర్వీసూ తక్కువే, కానీ కంపెనీ ఎదుగుతోంది. చేరిన తేదీని బట్టి కలపాలన్నది ఈస్ట్ వాదన. ఇప్పుడున్న స్థానాన్ని బట్టి కలపాలన్నది వెస్ట్ వాదన. మధ్యవర్తి జార్జ్ నికొలావ్ 2007లో తీర్పిచ్చారు. పెద్ద అంతర్జాతీయ విమానాలు నడిపే ఈస్ట్ సీనియర్లను పైన ఉంచి, మిగతావాళ్లను స్థానాల నిష్పత్తిలో కలిపి, లేఆఫ్‌లో ఉన్నవాళ్లను అడుగున పెట్టారు. పదహారు, పదిహేడేళ్ల సర్వీసున్న ఈస్ట్ పైలట్లు, విలీనానికి కొద్ది నెలల ముందు చేరిన వెస్ట్ కుర్రాళ్ల కిందికి పోయారు. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం పైలట్ల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది. లోపలికెళ్లిన భక్తులు బయటికి రాకపోతే వెనక లైను ఎలా కదులుతుంది?

ఈస్ట్ పైలట్లు భగ్గుమన్నారు. సంఖ్యాబలం వాళ్లదే గనక 2008లో ఓటేసి పాత యూనియన్‌ను దించేసి సొంత యూనియన్ పెట్టుకున్నారు. ఉమ్మడి వేతన ఒప్పందం కుదిరితేనే కొత్త జాబితా అమల్లోకి వస్తుంది. కాబట్టి ఒప్పందమే కుదరలేదు. దాంతో దివాలా రోజుల్లో కోసేసిన జీతాలే ఏళ్ల తరబడి నడిచాయి. పెరిగే జీతాన్ని వదులుకుని మరీ వరసలో చోటు కోసం పట్టుబట్టిన మనుషులను పట్టుకుని అత్యాశ అంటే ఎలా?

2009 జనవరి 15న ఇంజిన్లు ఆగిపోయి హడ్సన్ నదిలో దిగిన విమానం ఈ కంపెనీదే. కాక్‌పిట్‌లో ఉన్న కెప్టెన్ సలెన్‌బర్గర్, కో-పైలట్ స్కైల్స్ ఇద్దరూ ఈస్ట్ పైలట్లు. రేడియోలో పిలుపు మాత్రం 'కాక్టస్ 1549'. కాక్టస్ అన్నది అమెరికా వెస్ట్ నుంచి వచ్చిన పిలుపు. ఆ రోజు కో-పైలట్ సీట్లో ఉన్న స్కైల్స్ అంతకుముందు అదే సంస్థలో కెప్టెన్. కంపెనీ చిక్కిపోవడంతో కిందికి దిగాల్సి వచ్చింది. నెల తిరిగాక సలెన్‌బర్గర్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, తన జీతం 40 శాతం తెగిందనీ, పెన్షన్ పోయిందనీ చెప్పారు. 155 మందిని బతికించిన మనిషి చెప్పిన లెక్క అది.

తర్వాత కోర్టులు. 2009లో జ్యూరీ వెస్ట్ పక్షాన నిలిచింది, మరుసటి ఏడు అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, 2015లో అదే కోర్టు ఈస్ట్ యూనియన్ అన్యాయం చేసిందని తేల్చింది. ఈలోగా కంపెనీయే 2013 చివర అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అందరికీ కలిపి ఒకే జాబితా వచ్చింది 2016లో.

మన దగ్గర ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. కాగితం మీద ఒక్క కంపెనీ, జీతాలు మాత్రం రెండు రకాలు. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం సమ్మెకు దిగారు. 2012లో పాత ఎయిరిండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. కొత్తగా రాబోతున్న బోయింగ్ 787 మీద అవతలివాళ్లకు శిక్షణ ఇవ్వొద్దన్నది వాళ్ల ప్రధాన పట్టు. పెద్ద విమానం మీద శిక్షణ అందినవాడికి ఆ విమానంలో కెప్టెన్ సీటుకు దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో ఎవరు ముందన్నదే ఆ 58 రోజులూ నడిచిన తగువు.